గుండ్లకమ్మ తీరాన ఒక ప్రార్థనా మందిరం

ఒంగోలు అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది గిత్త. మూపురం ఎత్తి ఠీవిగా నిలబడే ఆ తెల్లని జాతి సముద్రాలు దాటి, బ్రెజిల్ దేశపు పచ్చిక మైదానాలలో 'నెలోర్' అనే పేరుతో వర్ధిల్లుతున్నది. ఆ తరువాత స్ఫురించేది ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో వారి పేరును ధరించింది. అయితే, ఒంగోలుకు మరొక చరిత్ర కూడా ఉన్నది. అది రాజులదీ కాదు, నాయకులదీ కాదు. చెప్పులు కుట్టి, మోట బానలు అతికి, కరువులో కాలువ తవ్వి బ్రతికినవారి చరిత్ర. నేను ఆ చరిత్రను గ్రంథాలలో కంటె ముందుగా మన కర్మాగారంలోని ఒక కళాసీ మేస్త్రి నోట విన్నాను.

మన పాత మిత్రులు ఆయనను మరచి ఉండరు. పదవీ విరమణ చేసినది 2005లో. పరమపదించినది రెండేళ్ళ క్రిందట, డెబ్బయ్యెనిమిదవ ఏట. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు ఎన్నడూ ఇష్టం ఉండేది కాదు. కుటుంబ సభ్యులూ అదే కోరారు. కనుక షాపులో అందరం పిలిచినట్లే ఇక్కడ కూడా 'మేస్త్రిగారు' అనే అంటాను.

నేను 1991లో శిక్షణార్థిగా చేరేనాటికి ఆయన రిగ్గింగు ముఠాకు పెద్ద. ఇరవై ఎనిమిది టన్నుల గేరుబాక్సును, పై క్రేను పనిచేయని ఒక రాత్రి, వించీలతోనూ డెరిక్కుతోనూ దించిన పని నాకు నేటికీ కళ్ళకు కట్టినట్లున్నది. పనికి ముందు ప్రతి స్లింగు మీదా నూలు పీచును నిదానంగా పైనుండి క్రిందికి జరిపేవారు. తీగ ఎక్కడైనా తెగి ఉంటే పీచు అక్కడ తగులుకుంటుంది. తగిలిన స్లింగును పక్కన పడవేయడమే తప్ప వాదన లేదు. ఇంజనీర్లు గడియారం చూసుకుంటున్నా సరే. బరువు ఒక జానెడు లేచిన తరువాత అర నిమిషం కళ్ళు మూసుకొని నిలబడేవారు. క్రైస్తవుడు గదా, ప్రార్థన చేసుకుంటున్నాడని అందరూ అనుకునేవారు. ఒకనాడు అడిగాను. "ప్రార్థన ఇంటికాడే అయిపోయింది సార్. తాడు ఏ పక్క మూలుగుతుందో వింటున్నా," అన్నారు.

ఆయన ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ నదికి అంత దూరంలో లేని ఒక పల్లెకు చెందినవారు. ఆ పల్లెలోని బాప్టిస్టు సంఘంలో యాభై ఏళ్ళకు పైబడి సభ్యులు. అందులో ముప్పై ఏళ్ళు లెక్కలు వ్రాసినవారు. ఉద్యోగం ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్నా, రెండు నెలలకొకసారి శనివారం రాత్రి రైలెక్కి, ఆదివారం లెక్కలు చూసి, సోమవారం ఉదయం పాళీకి హాజరయ్యేవారు. గత జనవరిలో ఆ మందిరంలో జరిగిన జ్ఞాపకార్థ కూడికకు రమ్మని వారి చిన్న కుమారుడు ఉత్తరం వ్రాస్తే, ఒక రోజు ముందుగానే బయలుదేరాను. మేస్త్రిగారు వర్ణించిన చోట్లన్నీ స్వయంగా చూడాలన్నది నా చిరకాల వాంఛ.

విజయవాడ నుండి మద్రాసు మార్గంలో తెనాలి, బాపట్ల, చీరాల దాటిన తరువాత నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి ఇసుక, సరుగుడు తోటలు, తాళ్ళు, ఆపైన తెల్లని ఉప్పు మడులు వస్తాయి. చినగంజాంలో దిగాను. చిన్న కుమారుడు మోటారు సైకిలుతో సిద్ధంగా ఉన్నాడు. "వందనాలండీ, కాఫీ తాగి కాలవ కాడికి పోదాం," అన్నాడు.

ఆ కాలువే బకింగ్‌హామ్ కాలువ. కృష్ణ నుండి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర దీనితో కలుస్తుంది. అక్కడి నుండి సముద్రపు టొడ్డు వెంటనే దక్షిణంగా నెల్లూరు మీదుగా మద్రాసు దాటి మరక్కాణం వరకు, సుమారు నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు సాగుతుంది. 1806లో మద్రాసుకు ఉత్తరాన బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు తవ్వించిన ముక్కతో మొదలై, అంచెలంచెలుగా పెరిగింది. 1876–78 నాటి మహాక్షామంలో కూలి పని కల్పించడం కోసం అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కాలంలో మరికొంత భాగం తవ్వారు. ఆ ప్రభువు పేరే నిలిచిపోయింది. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తి అయిన తరువాత పడవల రద్దీ క్రమంగా తగ్గింది. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. ప్రకటన కాగితం మీద ఎంత వెడల్పుగా ఉన్నా, నేను చూసిన చోట కాలువ పూడి, తూడు అల్లుకొని, గట్టు మీద తుమ్మ చెట్లు నీటి మీదికి వంగి ఉన్నాయి. ఒక కొంగ మాత్రం పూర్తి స్థాయిలో విధులు నిర్వహిస్తున్నది.

అయినా ఒక సివిలు పనిని చూసే అలవాటున్న కంటికి గట్టు వాలు, అడుగు మట్టం, మలుపు లేకుండా సాగిన వరుస ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. యంత్రం లేదు. గడ్డపార, పలుగు, తట్ట. మగవారు తవ్వుతుంటే ఆడవారు, పిల్లలు తట్టలు మోశారు. మేస్త్రిగారు షాపులో ఎవరైనా బరువని గొణిగితే, "మా ముత్తవ్వ పదిహేనేళ్ళప్పుడు బకింగామ్ కాలవకు మట్టి మోసింది. నీకీ గొలుసు బరువా?" అనేవారు.

ఆ ముత్తవ్వ మట్టి మోసిన భాగానికి గుత్తేదారు ఒక మత బోధకుడు కావడం విశేషం. జాన్ ఎవరెట్ క్లౌ అనే ఆ అమెరికన్ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించి, అయోవాలో పెరిగి, బోధకుడు కాకముందు మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే పనిలో ఉన్నాడు. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. క్షామం ముంచుకొచ్చినప్పుడు, వంతులవారీగా వచ్చే సహాయం కోసం చేతులు చాచేకంటె పని చూపడం మేలని, కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకున్నాడు. ఇతర ముఠాలలో అంటరాని వారన్న పేరుతో ఎవరిని చులకనగా చూశారో, వారే ఇక్కడ ప్రధాన శ్రామికులు. రాజుపాలెం దగ్గర శిబిరం. ఆయన వద్దనున్న తెలుగు బోధకులే మేస్త్రీలు. సర్వే తెలిసినవాడు గనుక కొలతలలో మోసం జరగనిచ్చేవాడు కాదు. మట్టిపనిలో కూలివాని కడుపు కొట్టేది గొలుసూ టేపూ అని మన వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. తవ్విన లోతుకు గుర్తుగా వదిలే మట్టి దిబ్బ నెత్తిన రాత్రికి రాత్రి నాలుగు తట్టల మట్టి పోస్తే లోతు పెరిగినట్లు కనబడుతుంది. చెక్కివేస్తే తగ్గినట్లు కనబడుతుంది. కొలిచేవాడి నీతి మీదనే కూలి ఆధారపడి ఉంటుంది.

మధ్యాహ్నానికి జాతీయ రహదారి పట్టుకొని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు చేరాము. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, ఒంగోలుకు ఎగువన సముద్రం వైపు మళ్ళే నది ఇది. ఇదే మద్దిపాడు మండలంలో చినమల్లవరం దగ్గర కట్టిన జలాశయానికి 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొక గేటు కొట్టుకుపోయాయి. రంగు వేయడానికి, తుప్పు గీకడానికి సొమ్ము అడిగితే ఎవరికీ ఉత్సాహం ఉండదు. గేటు పోయిన తరువాత చూడడానికి మాత్రం అందరూ వస్తారు. మెయింటెనెన్సు శాఖలో ముప్పై ఏళ్ళు గడిపినవాని నిట్టూర్పుగా దీనిని మన్నించండి.

వెల్లంపల్లి పేరు ప్రపంచ క్రైస్తవ చరిత్రలో నిలిచినది 1878 జూలై 3వ తేదీ వల్ల. ఆ ఒక్క రోజున ఈ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు 614 మంది, మరునాడు 700 మంది. మూడు రోజులకు 3,536. బాప్టిస్టులు నీళ్ళు చిలకరించరు, మనిషిని పూర్తిగా నీట ముంచి లేపుతారు. అంతమందికి ఎలా సాధ్యమన్న సందేహం ఇంజనీరు బుర్రకు రాక తప్పదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ, మధ్యాహ్నపు విరామం పోగా సుమారు తొమ్మిది గంటలు నీటిలో నిలబడ్డారు. అంటే ఒక్కొక్కరి చేతి మీదుగా నిమిషానికి ఇద్దరు. సాధ్యమే. దొర ఆనాడు ఒడ్డున ఉన్నాడు గాని తాను ఎవరినీ ముంచలేదు. ముంచినవారు, మునిగినవారు అందరూ తెలుగువారే.

అన్నం కోసం మతం మారారని ఆనాటి నుండి ఒక మాట ఉన్నది. ఇటువంటి విమర్శను క్లౌ ముందే ఊహించాడు. కాలువ పని, సహాయ ధాన్యం సాగినంత కాలం, పదిహేను నెలల పాటు, ఎందరు అడిగినా బాప్తిస్మం ఇవ్వనీయలేదు. కాలువ పని ముగిసి, సహాయం ఆగిన తరువాతనే వెల్లంపల్లిలో నదిలో దిగడానికి అనుమతి లభించింది. ఆధారాలన్నీ తీసివేసిన తరువాత కూడా దూలం నిలుస్తుందా లేదా అని చూడడం మనకు తెలిసిన పరీక్షే. ఇకపై ఇవ్వడానికి తన వద్ద సొమ్ము లేదని దొర చెప్పినా జనం వెళ్ళిపోలేదని అంటారు. మేస్త్రిగారి ముత్తవ్వ దిగినది ఆ వేల మందిలోనే. ఏ రోజున దిగినదో కుటుంబంలో ఎవరికీ తెలియదు. "మూడు రోజుల్లో ఏదో ఒకటి," అన్నాడు చిన్న కుమారుడు, నీళ్ళ వంక చూస్తూ.

ఈ కథకు మూలపురుషుడు మాత్రం క్లౌ కాదు. ఒంగోలుకు పడమట నలభై మైళ్ళ దూరాన, మిషను గ్రంథాలలో తల్లకొండపాడుగా కనబడే ఊరివాడైన యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్థుడు. చాలా కాలం రాజయోగ సాధన చేసి, గురువులను సేవించి, తనకూ శిష్యులను సంపాదించుకున్నవాడు. 1866లో లైమన్ జూయెట్ అనే మిషనరీ వద్ద భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. మరుసటి సంవత్సరం జనవరిలో క్లౌను తన ఊరికి రప్పించి, చింతతోపులో బంధుగణాన్ని సమావేశపరిచాడు. ఆ విడత 28 మంది సంఘంలో చేరారు. ఆ తరువాత జీవితమంతా ఊరూరా కాలినడకన తిరిగాడు. చెప్పులు కుట్టే వారి పక్కన కూర్చొని, పని సాగుతుండగానే మాట్లాడేవారట ఆనాటి బోధకులు. క్లౌ ద్వితీయ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథానికి 'చెప్పులు కుడుతుండగా' అన్న అర్థం వచ్చే పేరు పెట్టినది ఇందుకే. ఎక్కడో పుట్టిన ఆ మహిళ మన పల్లెల జానపద విశ్వాసాలనూ, ఈ వృద్ధుల జీవిత కథలనూ విని వ్రాసి ఉంచకపోతే, పేరయ్య అనే మనిషి ఒకడుండెనని మనకు తెలిసేది కాదు.

ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, వెరసి అయిదుగురు ఇక్కడ నిలిచి ప్రార్థించారని చరిత్ర. అప్పటికి నెల్లూరు మిషను ఫలించడం లేదని, మూసివేయాలని అమెరికాలో చర్చలు జరుగుతున్న రోజులు. ఎక్కడానికి పది నిమిషాలు చాలు. పైనుంచి పట్టణం కప్పులు, నీళ్ళ ట్యాంకులు, సెల్ టవర్లు కనబడతాయి. చూడదగిన శిల్పమేమీ లేదు. నూతన సంవత్సరపు ఉదయం మాత్రం జనం కిక్కిరిసి ఉంటారట.

మరునాడు ఆదివారం. పల్లె మందిరం చిన్నది. సున్నం కొట్టిన గోడలు, రేకుల కప్పు, కడప బండల నేల. మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. గుమ్మం పక్కన ఒక గంప. ఇంట్లో అన్నం వండేటప్పుడల్లా గృహిణి పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, ఆదివారం ఆ బియ్యాన్ని ఇక్కడ పోస్తుంది. రోజూ రెండు పిడికిళ్ళు. దానితోనే పాస్టరుగారికి కొంత జీవనం, మందిరానికి సున్నం, ముసలివారికి మందు సాగుతున్నాయి. ఒక వ్యవస్థను ఇంతకంటె తక్కువ ఖర్చుతో నడపడం నేను ఏ ప్రాజెక్టు నివేదికలోనూ చూడలేదు.

సంఘ పెద్దలు నాకు మేస్త్రిగారి లెక్కల పుస్తకాలు చూపించారు. షాపులో ఆయన వ్రాసిన స్లింగుల రిజిష్టరు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉన్నాయి: ఎర్ర సిరా గీత, ఎడమ వైపు తేదీ, కుడి వైపు మొత్తం, దిద్దుబాటు ఉన్న చోట సంతకం. కోత పండుగకు రైతులు తెచ్చిన కానుకలను వేలం వేసిన వివరాలు పుటల కొద్దీ ఉన్నాయి. 'గుమ్మడికాయ ఒకటి, పదకొండు రూపాయలు. అదే గుమ్మడికాయ మరల కానుకగా వచ్చినది, పదిహేను రూపాయలు.' అలా ఒకే గుమ్మడికాయ నాలుగు సార్లు అమ్ముడుపోయింది. చివరిసారి కొన్నవారి పేరు ఎదుట మేస్త్రిగారి సంతకం ఉన్నది.

ఆయన జీవితంలో కష్టమైన ఘట్టం కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేశారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గం క్రిందికి, ఒక్క శాతం కోటాలోకి వస్తారు. ఈ కారణంగా ఎన్నో పల్లెలలో ఒకే మనిషికి బడిలో ఒక పేరు, మందిరంలో ఒక పేరు ఉంటాయి. మేస్త్రిగారి బడి సర్టిఫికెట్టులో ఉపాధ్యాయుడు వ్రాసినది 'హిందూ' అనే. ఉద్యోగంలో చేరినప్పుడు గుమాస్తా దానినే చూసి ఎక్కించాడు. 1996లో పదోన్నతుల రోస్టరు కోసం వివరాలు సరిచూస్తూ, కాగితాన్ని మొదటిసారి ఆయన చేతికే ఇచ్చారు. సర్టిఫికెట్టులో ఉన్నదే వ్రాయమని శ్రేయోభిలాషులందరూ చెప్పారు. ఆయన 'క్రైస్తవుడు, బాప్టిస్టు' అని వ్రాసి ఇచ్చారు. చేతికందిన ఫోర్‌మన్ పదవి దాటిపోయింది. సీనియారిటీ వరుసలో తిరిగి వచ్చేసరికి 2001.

అప్పట్లో నేను అడిగాను. ఆయన మాటలు ఇంచుమించు ఇవి: "ఆదివారం ఒక మనిషిని, సోమవారం ఇంకో మనిషిని కావటం నాకు చేతకాదు సార్. మా ముత్తవ్వ ఏట్లో దిగేనాటికి దొర కూలి ఆపేశాడు. ఆమెకు ఏమొచ్చింది? నాకే ఎందుకు రావాలి?" అయితే, రెండు పేర్లతో బ్రతికేవారిని ఆయన ఒక్క మాట అని ఎరుగరు. పిల్లల చదువు కోసం చేసే పనికి న్యాయం చెప్పడానికి నేనెవరిని అనేవారు. సంఘంలో అటువంటి వారి ఇళ్ళకే ముందుగా వెళ్ళేవారు.

ఆయన నిర్ణయానికి మూల్యం ఆయన ఒక్కరే చెల్లించలేదు. పెద్ద కుమారునికి ఇంజనీరింగు సీటు కొద్దిలో తప్పింది. కూడికలో అందరూ మాట్లాడిన తరువాత అతనిని పిలిస్తే లేచి నిలబడి, "నాన్న నిజాయితీ గురించి అందరూ చెప్పారు. దానికి ఫీజు కట్టింది నేను," అని కూర్చున్నాడు. మందిరం నిశ్శబ్దమైపోయింది. పాస్టరుగారు తొందరపడి సర్దిచెప్పలేదు. అది ఆయన పెద్దరికం. కొంతసేపటికి ఆడవారి వైపు నుండి ఒక ముసలమ్మ, "నిజమే నాయనా," అన్నది. ఇరుపక్షాలలో ఎవరిది న్యాయమో నేను చెప్పలేను. దళిత క్రైస్తవుల గుర్తింపు విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఆ కుర్రవాని సీటు కాలం మాత్రం ఏనాడో దాటిపోయింది. అతడిప్పుడు చీరాలలో మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడుపుతున్నాడు, పనిమంతుడని పేరు.

భోజనాలైన తరువాత మందిరం వెనుకకు తీసుకువెళ్ళారు. గంటకు బదులు అక్కడ ఒక వేప కొమ్మకు మూరెడు రైలు పట్టా ముక్క వేలాడుతున్నది. వేలాడదీసిన వైరు రోపుకు రెండు వైపులా కన్ను అల్లిక, పైన ఒక డీ షాకిలు. ఆ అల్లికను చూడగానే పోల్చుకున్నాను. మూడు నిండు దూర్పులు, రెండు సగం దూర్పులు, చివర సన్నబడుతూ, ఒక్క తీగ కూడా పైకి లేవకుండా ఉన్నది. లెక్కల పుస్తకంలో 1994వ సంవత్సరపు పుటలో ఆ రోపు ముక్కకూ షాకిలుకూ మన తుక్కు వేలంలో సొమ్ము కట్టిన రసీదు అంటించి ఉన్నది. ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. ఉప్పుగాలికి పైన తుప్పు పట్టినా అల్లిక జారలేదు.

ఇకపై లెక్కలు పెద్ద కుమారుడే చూడాలని సంఘం అడిగింది. అతడు అవునని గాని కాదని గాని అనలేదు. నా రైలు రాత్రి తొమ్మిదింటికి. స్టేషనుకు నన్ను దింపడానికి అతడే వచ్చాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ప్లాట్‌ఫారం మీద మాత్రం, ఆ అల్లికను విప్పి మళ్ళీ వేయాలంటే పోగులను ఏ వరుసలో దూర్చాలని అడిగాడు. జేబులో ఉన్న టిక్కెట్టు కవరు మీద బొమ్మ గీసి ఇచ్చాను. రైలు కదిలేదాకా దీపం క్రింద నిలబడి దానినే చూస్తూ ఉన్నాడు.